ఏ కౌన్సెలింగ్ పిన్నీ?

మా పిన్ని ఒకరోజు పొద్దున్నే ఫోన్ చేసి, "మావాడికి కౌన్సెలింగ్ ఇప్పించాలిరా, నీకు తెలిసినవాళ్లెవరైనా ఉన్నారా?" అంది. ఎంసెట్ సీట్ల రోజులవి. పేరు మార్చి ఎన్నాళ్లయినా మా ఇళ్లలో అది ఎంసెట్టే. "ర్యాంకెంత పిన్నీ? వెబ్ ఆప్షన్లు పెట్టారా?" అని అడిగాను. అవతల కాసేపు మాట లేదు. చెప్పుల చప్పుడు, తలుపు గడియ పడిన చప్పుడు వినిపించాయి. తర్వాత గొంతు తగ్గించి, "ఆ కౌన్సెలింగ్ కాదురా" అంది.

పరీక్ష రాసొచ్చిన దగ్గర్నుంచి వాడు గది దాటి రావట్లేదట. రాత్రంతా మెలకువ, పగలంతా మంచం. పళ్లెం గుమ్మం దగ్గర పెడితే సగం తిని సగం వదిలేస్తున్నాడట. "పిచ్చి డాక్టరు దగ్గరికి వద్దు. ఊరికే మాట్లాడే డాక్టర్లుంటారు కదా, అలాంటివాళ్లను చూడు" అంది.

ఊరికే మాట్లాడే డాక్టరు! మొదట నవ్వొచ్చింది. వెతకడం మొదలుపెట్టాక, సైకోథెరపిస్టుకి, అంటే మాటలతోనే మనసుకు వైద్యం చేసే మనిషికి, అంతకన్నా మెరుగైన నిర్వచనం మన చట్టాల్లో కూడా లేదని తెలిసొచ్చింది.

ముందు ఆ కౌన్సెలింగ్ అనే మాట సంగతి చూద్దాం, ఎందుకంటే సగం చిక్కు అక్కడే ఉంది. ఏ తెలుగు పేపరు జిల్లా పేజీ తిరగేసినా కనిపిస్తుంది. "రౌడీషీటర్లకు సీఐ కౌన్సెలింగ్" అంటే ఆదివారం పొద్దున స్టేషన్ ముందు వరసగా నిలబెట్టి, మళ్లీ దొరికితే తాట తీస్తానని చెప్పడం. "మందుబాబులకు కౌన్సెలింగ్" అంటే తాగి బండి నడిపినవాణ్ణి ఇంట్లోవాళ్లతో సహా కూర్చోబెట్టి యాక్సిడెంట్ వీడియోలు చూపించడం. "దంపతులకు కౌన్సెలింగ్ ఇచ్చి పంపించారు" అంటే సర్దుకుపొమ్మని చెప్పి, ఎక్కువగా ఆవిడకే చెప్పి, కాగితం మీద సంతకం పెట్టించుకోవడం. వీటన్నిట్లోనూ ఒకడు పైన కూర్చుని చెబుతాడు, ఇంకొకడు కింద నిలబడి వింటాడు. మన భాషలో కౌన్సెలింగ్‌ని "ఇస్తారు", ఇంజక్షన్ ఇచ్చినట్టు. సైకోథెరపీ గదిలో జరిగేది దాదాపు దీనికి తలకిందులు: డబ్బు తీసుకున్నవాళ్లు వింటారు, డబ్బిచ్చినవాళ్లు మాట్లాడతారు. ఇంత తేడా ఉన్న రెండు పనుల్ని ఒకే మాటతో పిలుచుకుంటున్నప్పుడు, ఆ పని చేసేవాళ్లెవరో జనానికి తెలియకపోవడంలో వింతేముంది?

పిన్ని కోసం వెతుకుతూ ఒకే కాలనీలో, నడిచి వెళ్లేంత దూరంలో, నాలుగు బోర్డులు చూశాను. ఒకటి న్యూరో సైకియాట్రిస్టు. రెండోది కన్సల్టెంట్ సైకాలజిస్టు. మూడోది ఫ్యామిలీ కౌన్సెలర్. నాలుగోది లైఫ్ కోచ్ అండ్ హిప్నోథెరపిస్టు. అందులో ఆఖరిదానికే పెద్ద బోర్డు, రాత్రిపూట లైట్లు కూడా. నాలుగింటి కిందా చిన్న అక్షరాల్లో ఒకే మాట: సైకోథెరపీ.

ఒక్కొక్కళ్ల సంగతీ చూద్దాం. సైకియాట్రిస్టు ఎంబీబీఎస్ చదివి, ఆపైన మానసిక వైద్యంలో పీజీ చేసిన డాక్టరు. ఈ నలుగురిలో మందులు రాసే అధికారం ఈయనకొక్కడికే ఉంది. బోర్డు మీద "న్యూరో" ఎందుకంటే మనవాళ్లు "నరాల బలహీనత" అని వస్తారు కానీ "మనసు బాగోలేదు" అని రారు. ఆ రెండక్షరాలు మెట్లెక్కేవాడి పరువు కాపాడతాయి. ఆయనకు చదువులో సైకోథెరపీ నేర్పుతారు. కానీ బయట బెంచీ మీద నలభైమంది కూర్చుని ఉంటే ఒక్కొక్కరికి ముప్పావుగంట ఎక్కణ్ణుంచి తెస్తాడు? దేశంలో లక్షమందికి ఒక్క సైకియాట్రిస్టు కూడా లేడు. సాధారణంగా చెప్పే లెక్క 0.75.

క్లినికల్ సైకాలజిస్టు డాక్టరు కాదు. సైకాలజీలో ఎంఏ లేదా ఎమ్మెస్సీ చేసి, ఆపైన ఆసుపత్రి వార్డుల్లో రెండేళ్ల ఎం.ఫిల్. చేసిన మనిషి. బెంగళూరులో ఇప్పుడు నిమ్హాన్స్‌గా మనకు తెలిసిన మానసిక వైద్య సంస్థలో 1950ల్లో మొదలైన శిక్షణకు కొనసాగింపు ఇది. సీట్లు వేళ్ల మీద లెక్కపెట్టుకునేటట్టు ఉంటాయి. పైగా 2022లో యూజీసీ ఎం.ఫిల్. డిగ్రీనే ఎత్తేసింది. తర్వాత నాలుక కరుచుకుని, క్లినికల్ సైకాలజీకీ సైకియాట్రిక్ సోషల్ వర్క్‌కీ మాత్రం 2025-26 వరకు మినహాయింపు ఇచ్చింది. అంటే ఈ వృత్తికి ముఖద్వారమైన డిగ్రీయే గడువు మీద గడువుతో బతికింది.

ఇప్పుడే అన్నానే, సైకియాట్రిక్ సోషల్ వర్కర్లు, వీళ్లను ఎవరూ తలుచుకోరు. ఎర్రగడ్డలోనో, విశాఖ చినవాల్తేరు ఆసుపత్రిలోనో రోగి ఇంటివాళ్లతో మాట్లాడి, మళ్లీ ఇంట్లో చేర్చుకునేలా ఒప్పించే పని చాలాసార్లు వీళ్లదే. బయట బోర్డు పెట్టుకోరు కాబట్టి మనకు కనిపించరు.

ఇక వట్టి "సైకాలజిస్టు", "కౌన్సెలింగ్ సైకాలజిస్టు", "కౌన్సెలర్". ఇందులో రెండేళ్ల ఎమ్మెస్సీ చేసి, వందల గంటలు అనుభవజ్ఞుల దగ్గర పని నేర్చుకున్నవాళ్లున్నారు. వారాంతపు ఆన్‌లైన్ కోర్సు చేసి సర్టిఫికెట్‌ను గోడకు తగిలించినవాళ్లూ ఉన్నారు. బోర్డు చూసి ఎవరు ఎవరో చెప్పడం నా వల్ల కాలేదు, మా పిన్ని వల్ల ఏమవుతుంది.

మరి చట్టం ఏం చేస్తోంది? చట్టాలు ఉన్నాయి, మూడు. ఒక్కోటి ఒక్కో దిక్కుకు లాగుతుంది.

మొదటిది 1992 నాటి రీహాబిలిటేషన్ కౌన్సిల్ (ఆర్‌సీఐ) చట్టం. అది అసలు వికలాంగుల పునరావాసం కోసం వచ్చింది. కృత్రిమ అవయవాలు తయారుచేసేవాళ్లు, వినికిడి నిపుణులు, ప్రత్యేక అవసరాలున్న పిల్లల టీచర్లు, వీళ్లందరి జాబితాలో క్లినికల్ సైకాలజిస్టుల్ని కూడా చేర్చారు. డాక్టరు కాకుండా మనసు గురించి పనిచేసే ఈ వృత్తికి దొరికిన చట్టబద్ధమైన చిరునామా అది. రైలు బోగీలో ఖాళీ కనిపిస్తే ఎక్కేసినట్టు. ఆర్‌సీఐ రిజిస్టర్‌లో పేరు లేకుండా ఆ జాబితాలోని వృత్తి చేస్తే ఏడాది వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ఆ వెయ్యి ఇవాళ హైదరాబాదులో చాలాచోట్ల ఒక్క సెషన్ ఫీజుకు చాలదు.

రెండోది 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం. మంచి చట్టమే. రోగి హక్కులు, గోప్యత, ఆత్మహత్యాయత్నం చేసినవాణ్ణి నేరస్థుడిలా చూడకూడదనడం, ఇవన్నీ అందులోవే. "మానసిక ఆరోగ్య వృత్తి నిపుణులు" అంటే ఎవరో కూడా చెప్పింది: సైకియాట్రిస్టు, రాష్ట్ర అథారిటీలో నమోదైన క్లినికల్ సైకాలజిస్టు, సైకియాట్రిక్ సోషల్ వర్కర్, మెంటల్ హెల్త్ నర్సు. ఆయుర్వేదంలో మానసిక రోగాల మీద పీజీ చేసినవాళ్లు, హోమియో, యునానీ, సిద్ధలో అలాంటి చదువు చదివినవాళ్లు కూడా ఉన్నారు. సైకోథెరపిస్టు అనే మాటకు మాత్రం నిర్వచనం లేదు. కౌన్సెలర్‌కు లేదు. సిద్ధ వైద్యుడికి చోటు దొరికిన గదిలో, రోజుకు ఆరుగంటలు మనుషుల బాధ వినే కౌన్సెలింగ్ సైకాలజిస్టుకు స్టూలు కూడా వెయ్యలేదు.

మూడోది 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం. ఇది రెండోదానికి పూర్తిగా ఎదురు. తలుపులు బార్లా తెరిచేసింది. "బిహేవియరల్ హెల్త్" అనే ఒకే గొడుగు కిందికి సైకాలజిస్టుల్ని తెచ్చింది, కానీ ఆర్‌సీఐ కింద ఉన్న క్లినికల్ సైకాలజిస్టుల్ని మినహాయించి. వాళ్ల పక్కనే సోషల్ వర్కర్లు, హెచ్ఐవీ కౌన్సెలర్లు, కుటుంబ నియంత్రణ కౌన్సెలర్లు, చంటిబిడ్డకు పాలివ్వడం నేర్పే నిపుణులు, షుగరు రోగులకు జాగ్రత్తలు చెప్పేవాళ్లు. ఒకే చదువు చదివిన అక్కాచెల్లెళ్లను రెండు ఊళ్లకు ఇచ్చినట్టు, సైకాలజీ రెండు చట్టాల మధ్య చీలింది.

ఈ మూడు చట్టాలూ ఇలా ఉండగా 2025 జూలైలో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. విశాఖపట్నంలో హాస్టల్లో ఉండి మెడికల్ ఎంట్రన్స్‌కు చదువుతున్న ఒక అమ్మాయి చనిపోయిన కేసు అది. వంద, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థా కనీసం ఒక నిపుణుణ్ణి పెట్టుకోవాలని కోర్టు చెప్పింది. ఎవరిని? "కౌన్సెలర్, లేదా సైకాలజిస్టు, లేదా సోషల్ వర్కర్." పిల్లల మానసిక ఆరోగ్యంలో శిక్షణ ఉండాలన్న షరతు పెట్టింది, అది చాలా మంచి షరతు. అయినా ఆ "లేదా"ల దగ్గర నా కళ్లు ఆగిపోయాయి. దేశంలో అత్యున్నత న్యాయస్థానానికే ఒక్క పేరు దొరకలేదు. కార్పొరేట్ కాలేజీల యాజమాన్యాలు ఆ ముగ్గురిలో ఎవరు చవకో వాళ్లనే పట్టుకుంటాయని నా అనుమానం. తప్పని తేలితే సంతోషిస్తాను.

ఈ గందరగోళం మనదొక్కళ్లదే అనుకోవద్దు. వందేళ్ల కింద ఆస్ట్రియా రాజధాని వియన్నాలో ఇదే గొడవ కోర్టు మెట్లెక్కింది. థియోడోర్ రైక్ అనే ఆయన సైకోఎనాలిసిస్, అంటే ఫ్రాయిడ్ మొదలుపెట్టిన, మాటలతో మనసు లోతులు తవ్వే వైద్యం, చేసేవాడు. పీహెచ్‌డీ ఉంది, వైద్యం చదవలేదు. 1926లో ఒక రోగి ఆయన మీద కేసు పెట్టాడు: డాక్టరు కాకుండా వైద్యం చేస్తున్నాడు, అంటే మన భాషలో ఆర్ఎంపీ వేషాలు వేస్తున్నాడని. రైక్‌ను వెనకేసుకొస్తూ ఫ్రాయిడ్ ఏకంగా ఒక చిన్న పుస్తకమే రాశాడు. తటస్థుడైన పెద్దమనిషి ఒకాయన ప్రశ్నలడుగుతుంటే తను జవాబు చెబుతున్నట్టుగా సాగుతుంది. తను స్వయంగా డాక్టరై ఉండీ ఫ్రాయిడ్ అన్నదేమిటంటే, ఈ పనికి వైద్య పట్టా అవసరం లేదని. శరీరధర్మాలు తెలిస్తే చాలదని, నాగరికతల చరిత్ర, పురాణాలు, మతం, సాహిత్యం తెలియాలని. వైద్య కళాశాల నేర్పేదంతా ఒకవైపు, ఈ పనికి కావాల్సింది ఇంకోవైపు అని ఆయన వాదన. కేసు నిలవలేదు.

వాదన మాత్రం సముద్రం దాటి ఓడిపోయింది. 1938లో అమెరికా సైకోఎనలిస్టుల సంఘం డాక్టర్లు కానివాళ్లకు తలుపులు మూసేసింది. ఆ ఏడాదే నాజీల నుంచి తప్పించుకుని న్యూయార్క్ చేరిన రైక్‌కు అక్కడా అదే గోడ ఎదురైంది. చేసేది లేక పదేళ్ల తర్వాత సొంత సంస్థ పెట్టుకున్నాడు. ఆ తలుపు తెరుచుకోవడానికి 1985లో నలుగురు సైకాలజిస్టులు కోర్టుకెక్కాల్సి వచ్చింది. ఈ రంగాన్ని మలిచిన పేర్లు చూడండి. అనా ఫ్రాయిడ్ బడిపంతులమ్మ. ఎరిక్ ఎరిక్సన్ బొమ్మలు వేసుకునేవాడు, యూనివర్సిటీ డిగ్రీ లేదు. మెలనీ క్లైన్‌కూ లేదు. మన 2017 చట్టం ముందు నిలబెడితే ఈ ముగ్గురిలో ఎవరికీ రిజిస్ట్రేషన్ దొరకదు.

తర్వాత ఒక్కో దేశం ఒక్కో దారి పట్టింది. రైక్‌ను బోనెక్కించిన అదే ఆస్ట్రియా, 1990లో సైకోథెరపీని వైద్యంతోనూ సైకాలజీతోనూ సంబంధం లేని స్వతంత్ర వృత్తిగా గుర్తించింది. జర్మనీలో 1999 నుంచి ఆ పేరు చట్టం కాపలాలో ఉంది, లైసెన్సు లేనివాడు బోర్డు మీద రాసుకుంటే నేరం. దానికి తోడు ఇన్సూరెన్సు డబ్బు చెల్లిస్తుంది. అయితే ఏ పద్ధతులకు చెల్లించాలో కూడా వ్యవస్థే నిర్ణయిస్తుంది కాబట్టి, ఏది అసలు థెరపీ అన్న చర్చ అక్కడ సగం ఇన్సూరెన్సు కమిటీల్లో జరుగుతుంది. బ్రిటన్ తీరు ఇంకా తమాషా. అక్కడ "క్లినికల్ సైకాలజిస్టు", "కౌన్సెలింగ్ సైకాలజిస్టు" అనే పేర్లు 2009 నుంచి చట్టం కాపాడే పేర్లు. "సైకోథెరపిస్టు", "కౌన్సెలర్" అనేవి ఇవాళ్టికీ ఎవరైనా పెట్టుకోవచ్చు. వాటినీ చట్టం కిందికి తేవాలని ప్రభుత్వం చూసింది. థెరపిస్టుల్లోనే ఒక వర్గం ఎదురుతిరిగింది, మా పని వైద్యం కాదు, మమ్మల్ని ఆ కొలబద్దతో కొలవొద్దని. 2011లో ప్రభుత్వం ఆ ఆలోచన వదిలేసుకుంది. ఇప్పుడక్కడ స్వచ్ఛంద సంఘాల రిజిస్టర్లే దిక్కు.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఇంకో తంటా. అక్కడ లైసెన్సు రాష్ట్రం ఇస్తుంది, అదీ క్లయింటు ఎక్కడ కూర్చున్నాడన్న దాన్నిబట్టి. డాలస్‌లో ఒంటరిగా ఉన్న తెలుగమ్మాయి తన భాషలో మాట్లాడే మనిషి కావాలనుకుంటుంది. హైదరాబాదులో అలాంటి థెరపిస్టు ఉంటుంది, వీడియో కాల్ ఉంటుంది, ఇద్దరికీ కుదిరే వేళ కూడా ఉంటుంది. టెక్సాస్ లైసెన్సు ఉండదు.

వీటన్నిటి తర్వాత కూడా అసలు ప్రశ్న అలాగే ఉంది. ఈ పనికి కావాల్సింది డిగ్రీయా, పద్ధతా, మనిషా? డిగ్రీ అనేవాళ్లకు గోవాలో జరిగిన ఒక పని చిక్కు తెచ్చిపెడుతుంది. సంగాత్ అనే సంస్థ, విక్రమ్ పటేల్ బృందం, మానసిక వైద్యంలో ఏ చదువూ లేని మామూలు మనుషుల్ని తీసుకుని, కొన్ని వారాలు శిక్షణ ఇచ్చి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకొచ్చే డిప్రెషన్ రోగులతో ఆరు నుంచి ఎనిమిది సెషన్లు చేయించింది. ఫలితాలు 2017లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చాయి. మూడు నెలలకు ఈ సెషన్లు దొరికినవాళ్లలో 64 శాతం కోలుకున్నారు. దొరకనివాళ్లలో 39 శాతం.

ఇది చదివి "చూశారా, డిగ్రీలు అక్కర్లేదు" అని లైఫ్ కోచ్‌లు సంబరపడొచ్చు. అదే అధ్యయనంలో వాళ్లు చదవని ముక్క ఒకటుంది. ఆ కౌన్సెలర్ల సెషన్లు రికార్డు చేశారు. వాళ్లు వారం వారం కూర్చుని ఒకరి రికార్డింగు ఇంకొకరు విని, ఎక్కడ తప్పు మాట పడిందో మార్కులు వేసుకున్నారు. పైన నిపుణులున్నారు. నాకు మొత్తం చిక్కుముడిలో పట్టు దొరికింది ఇక్కడే. ఈ వృత్తికి గుర్తింపునిచ్చేది, తలుపు మూసుకున్న గదిలో జరిగిన పనిని ఇంకొక కన్ను చూడగలగడం. దాన్నే ఈ రంగంలో సూపర్‌విజన్ అంటారు. సర్జన్ తప్పు చేస్తే కుట్టు కనిపిస్తుంది. ఇక్కడ తప్పు జరిగితే కనిపించేది మళ్లీ రాని క్లయింటు ఒక్కడే, వాడు ఎందుకు రాలేదో చెప్పడు.

గదిలో ఏం జరుగుతుందో దగ్గర్నుంచి చూస్తే ఈ కన్ను ఎందుకు కావాలో తెలుస్తుంది. నాకు తెలిసిన ఒక క్లినికల్ సైకాలజిస్టు ఉంది, కోస్తాలో ఒక మోస్తరు పట్నంలో పనిచేస్తుంది. ఆమెకు దాదాపు ప్రతి కొత్త క్లయింటూ మొదటి అరగంటలో అనే మాట: "ఇంతకీ నేనేం చెయ్యాలో మీరు చెప్పండి మేడమ్." ఆమె నేర్చుకున్న చదువు చెప్పొద్దంటుంది. ఎదుటి మనిషే తన దారి వెతుక్కునేలా పక్కన కూర్చోమంటుంది. కానీ గుంటూరు నుంచి బస్సెక్కి వచ్చిన మనిషికి అది చేతగానితనంలా కనిపిస్తుంది. డబ్బు తీసుకుని ఒక్క మాటా చెప్పదేమిటి?

ఈ ఇబ్బంది కొత్తదేం కాదు. 1922లోనే కలకత్తాలో గిరీంద్రశేఖర్ బోస్ అనే డాక్టరు సైకోఎనలిస్టుల సంఘం పెట్టాడు, ఫ్రాయిడ్‌తో ఉత్తరాలు నడిపాడు, కొన్ని విషయాల్లో మా మనసులు మీరనుకున్నట్టు లేవని ఆయనకే రాశాడు. 1950ల్లో అమృత్‌సర్ ఆసుపత్రిలో విద్యాసాగర్ అనే సైకియాట్రిస్టు రోగుల ఇంటివాళ్లకు ఆవరణలో గుడారాలు వేయించి, వాళ్లనూ వైద్యంలో కలుపుకున్నాడు. 1970ల్లో జె.ఎస్. నేకీ, మన దగ్గర థెరపిస్టుకు నప్పే నమూనా గురుశిష్య సంబంధమని వాదించాడు: ఇక్కడ చెప్పించుకోవడం బలహీనత కాదు, ఒక రకమైన నమ్మకం. ఆ వాదనలో నిజం ఉంది. ప్రమాదమూ ఉంది. గురువు తప్పు చెబితే శిష్యుడు ఎవరికి చెప్పుకుంటాడు?

ఆ సైకాలజిస్టు స్నేహితురాలికి ఇంకో చిక్కు, వరసలు. మూడో సెషన్‌కల్లా "మేడమ్" పోయి "అక్కా" వస్తుంది. ఐదోసారికి క్లయింటు వాళ్లమ్మ ఆవకాయ సీసా పంపిస్తుంది. తీసుకోకపోతే అవమానం, తీసుకుంటే చుట్టరికం. పాశ్చాత్య పాఠ్యపుస్తకంలో కానుకల మీద ఒక అధ్యాయం ఉంటుంది గానీ అందులో ఆవకాయ లేదు. ఆమె మొదటి సీసా తీసుకుంది, ఆ విషయం తన సూపర్‌వైజర్‌కు చెప్పింది, ఇద్దరూ దాని మీద ముప్పావుగంట మాట్లాడుకున్నారట. వినడానికి హాస్యంగా ఉంటుంది. కానీ ఆ క్లయింటు "అక్క"కు కోపమొస్తుందేమోనని కొన్ని విషయాలు దాచడం మొదలుపెట్టిందని ఆ ముప్పావుగంటలోనే బయటపడింది.

చిన్న ఊళ్లో ఎదురుపడకుండా ఉండలేరు. ఒక పెళ్లిలో భోజనాల వరసలో క్లయింటు కనిపించింది. ముందుగా పలకరించకూడదన్నది నా స్నేహితురాలి నియమం, ఎందుకంటే ఎలా తెలుసని పక్కవాళ్లు అడుగుతారు. అడిగారు కూడా, మన పెళ్లిళ్లలో అడక్కుండా ఉంటారా. "మా కాలేజీ అక్క" అని ఆ అమ్మాయే చెప్పింది. ఎనిమిదేళ్ల చదువు, రిజిస్ట్రేషను నంబరు ఉన్న మనిషి ఆ రోజంతా కాలేజీ అక్కగా పప్పు వడ్డించుకుని తింది.

భాష సంగతి ఇంకా లోతు. ఆమె చదివిందంతా ఇంగ్లీషులో. కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ (సీబీటీ), అంటే ఆలోచనల్నీ అలవాట్లనీ సరిచేసుకునే పద్ధతి, అందులో మొదటి పాఠం, ఆలోచనను భావం నుంచి విడదీయడం. "నన్నెవరూ పట్టించుకోరు" అన్నది ఆలోచన, దాని వెంట వచ్చిన దిగులు భావం. తెలుగులో క్లయింటు ఏమంటుంది? "నన్నెవరూ పట్టించుకోరనిపించింది." ఆ "అనిపించింది"లో ఆలోచనా ఉంది, భావమూ ఉంది, చెయ్యి కడుక్కున్నట్టు చిన్న సందేహం కూడా ఉంది. దాన్ని విడదీయడానికి ఆమె చాలా తంటాలు పడి, చివరికి ప్రశ్నే మార్చుకుంది: "అప్పుడు మనసులో ఏ మాట వచ్చింది? ఒంట్లో ఎక్కడ తెలిసింది?" రెండోదానికి మనవాళ్లు టక్కున చెబుతారు. గుండె దడ, కడుపులో దేవినట్టు, అరికాళ్లలో మంట. బెంగకూ గుబులుకూ గాభరాకూ తేడా ఏ పాఠ్యపుస్తకంలోనూ ఉండదు, ఆ తేడా వినిపించుకునే చెవి మాత్రం కావాలి. వృత్తి శిక్షణ అంటే ఇది కూడానని ఆమె అంటుంది, ఏ సిలబస్‌లోనూ లేకపోయినా.

థెరపిస్టులు తమను తాము పరిచయం చేసుకునేటప్పుడు పద్ధతి పేరు చెబుతారు: నేను సీబీటీ, నేను సైకోడైనమిక్, నేను ఫ్యామిలీ సిస్టమ్స్. కులం పేరు అడిగినట్టే ఉంటుంది వాళ్ల సమావేశాల్లో. పద్ధతులు వేరైనా ఫలితాలు దాదాపు ఒకటేనని 1936లోనే సాల్ రోజెన్‌జ్వైగ్ అనే అమెరికన్ అన్నాడు. ఆ మాట మీద ఇప్పటికీ కొట్లాడుకుంటున్నారు. కొన్ని జబ్బులకు కొన్ని పద్ధతులే బాగా పనిచేస్తాయని ఆధారాలున్నాయి, వాటిని కొట్టిపారేయలేం. కానీ ఇద్దరి మధ్య నమ్మకం కుదరకపోతే ఏ పద్ధతీ ముందుకు కదలదన్న దగ్గర మాత్రం గొడవ తక్కువ.

పిన్నికి ఇదంతా చెప్పలేదు. వాట్సాప్‌లో నాలుగు ముక్కలు పంపించాను. ఒకటి, నిద్రా తిండీ ఇంతగా తప్పాయి కాబట్టి ముందు సైకియాట్రిస్టుకు ఒకసారి చూపించు, అది పిచ్చి డాక్టరు అవదు. రెండు, మాట్లాడే మనిషి దగ్గరికి వెళ్లినప్పుడు ఆర్‌సీఐలో పేరుందా అని అడుగు. లేకపోతే ఎక్కడ చదివారు, ఇప్పుడు ఎవరి దగ్గర సూపర్‌విజన్ తీసుకుంటున్నారని అడుగు. ఆ ఆఖరి ప్రశ్నకు కోపం తెచ్చుకునేవాళ్ల దగ్గర కూర్చోవద్దు. మూడు, వాడు చెప్పింది నీకు చెప్పమని ఒత్తిడి చెయ్యకు. ప్రాణం మీదికొచ్చే విషయమైతే వాళ్లే చెబుతారు. నాలుగు, అర్ధరాత్రి భయమేస్తే 14416కి చెయ్యి. టెలీ మానస్, ప్రభుత్వానిదే, తెలుగులో మాట్లాడతారు.

రెండు నీలం టిక్కులు పడ్డాయి. జవాబు లేదు. పదిరోజుల తర్వాత ఫోన్ చేసింది. సైకియాట్రిస్టు ఏవో మందులు రాసి, తన దగ్గరే పనిచేసే ఒకమ్మాయి దగ్గరికి పంపాడట. సూపర్‌విజన్ ప్రశ్న కూడా అడిగిందట పిన్ని, ఆ అమ్మాయి నవ్వి బెంగళూరులో ఎవరి పేరో చెప్పిందట.

"ఎలా ఉంది మరి?" అన్నాను.

"ఏం చెప్పనురా. ఆ పిల్ల ఒక్క మాటైనా చెప్పలేదట. గంటసేపు వీడి చేతే మాట్లాడించింది. దానికి పన్నెండొందలు."

"వాడేమన్నాడు?"

"ఏమీ అనలేదు. మంగళవారం మళ్లీ రమ్మందట. పొద్దున లేచి వాడే చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు."